నాట్ విమానం – నమూనా నిర్మాణంలో కొన్ని పాఠాలు

నమూనా విమానం అనగానే చాలామందికి పిల్లల ఆటవస్తువు గుర్తుకొస్తుంది. తిరునాళ్ళలో కొన్న రేకు విమానం, కీ ఇస్తే గిర్రున తిరిగేది, నాలుగు రోజుల్లో రెక్క ఊడిపోయేది. ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది దాన్ని గురించి కాదు. అసలు విమానాన్ని ఒక నిర్ణీతమైన పాళ్ళలో తగ్గించి, ప్రతి కొలతకీ ఏదో ఒక ఆధారం చూపించగలిగేలా కట్టే నమూనా గురించి. దీన్నే స్కేల్ మోడల్ అంటారు. డ్రాయింగు క్లాసులో మనమంతా స్కేలు నేర్చుకుంటాం, పరీక్ష రాస్తాం, మర్చిపోతాం. ఆ పాఠానికి చేతిలో పట్టుకోదగిన రూపం ఇస్తే ఎలా ఉంటుందో చెప్పడం నా మొదటి ఉద్దేశ్యం.

రెండో ఉద్దేశ్యం ఇంకొకటుంది. మన ఇళ్ళలో సైన్యంలోనో, నౌకాదళంలోనో, వాయుసేనలోనో పనిచేసి తిరిగొచ్చిన పెద్దలుంటారు. వాళ్ళ సేవను మనం సాధారణంగా ఎలా గౌరవిస్తాం? గోడమీద ఫోటో పెడతాం. పంద్రాగస్టు నాడు శాలువా కప్పుతాం. అవి మంచివే. అయితే వాళ్ళు ఏళ్ళ తరబడి చేతులతో తాకిన యంత్రాన్ని మన చేతులతో మళ్ళీ కట్టడం కూడా ఒక గౌరవమే. ఇది కాస్త కష్టమైన గౌరవం. ఎందుకంటే శాలువా కప్పేటప్పుడు ఆ పెద్దాయన ఏం పని చేశాడో మనకి తెలియకపోయినా గడిచిపోతుంది. నమూనా కట్టేటప్పుడు గడవదు.

మా తాతయ్య, అంటే అమ్మ నాన్నగారు, 1961లో వాయుసేనలో చేరి 15 ఏళ్ళు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా పనిచేశారు. అందులో ఎక్కువ కాలం నాట్ విమానాల మీదే. ఆయన విమానం నడిపినవాడు కాదు. విమానం ఒంటినీ, కాళ్ళనీ, చక్రాలనీ, తోకనీ కనిపెట్టుకుని ఉన్నవాడు. ఇప్పుడు 83 ఏళ్ళ వయసులో విజయవాడలో మా అమ్మమ్మతో ఉంటున్నారు. నేను కట్టింది ఆయన నాట్‌నే.

నాట్ సంగతి

1950 ప్రాంతానికి యుద్ధవిమానాలు ఏడాదికేడాది బరువెక్కిపోతున్నాయి. వేగం కావాలంటే పెద్ద ఇంజను, దానికి ఎక్కువ ఇంధనం, ఇంధనం పట్టడానికి పెద్ద ఒళ్ళు, ఆ ఒళ్ళు మొయ్యడానికి మళ్ళీ ఇంకా పెద్ద ఇంజను. ఈ వరసని వెనక్కి తిప్పాలనుకున్న ఇంగ్లీషు డిజైనరు డబ్ల్యూ.ఇ.డబ్ల్యూ. పెటర్. లైసాండర్, కాన్‌బెర్రా విమానాలు ఆయన చేతి మీదుగా వచ్చినవే. ఆ రెండూ మన వాయుసేనలో కూడా పనిచేశాయి. ఫాలండ్ కంపెనీకి వచ్చాక ఆయన చిన్న విమానం, తక్కువ ఖర్చు, సులభమైన తయారీ అనే పట్టుదలతో కూర్చున్నాడు. ముందు మిడ్జ్ అనే ప్రయోగ విమానం 1954 ఆగస్టు 11న ఎగిరింది. దానికన్నా బలమైన ఆర్ఫియస్ ఇంజనుతో నాట్ 1955 జులై 18న ఎగిరింది.

బ్రిటిషు వాయుసేన దీన్ని యుద్ధవిమానంగా తీసుకోలేదు. రెండు సీట్ల శిక్షణ విమానంగా మాత్రం తీసుకుంది. ఫిన్లండు కొద్ది సంఖ్యలో కొనుక్కుంది. యుద్ధవిమానంగా పెద్ద ఎత్తున నమ్ముకున్న దేశం మనదే. 1956లో ఒప్పందం కుదిరి, బెంగుళూరులోని హెచ్.ఎ.ఎల్. కర్మాగారంలో తయారీ మొదలైంది. 1960లో 23వ స్క్వాడ్రన్ మొట్టమొదట నాట్‌లు అందుకుంది.

యుద్ధాల్లో దాని సంగతి చాలామందికి తెలిసిందే. 1965 సెప్టెంబరు 3న పఠాన్‌కోట్ నుంచి లేచిన నాట్‌ల పోరులో ట్రెవర్ కీలర్ ఒక సేబర్ విమానాన్ని కూల్చినట్టు మన వాయుసేన నమోదు చేసి, ఆయనకు వీరచక్ర ఇచ్చింది. 1971 నవంబరు 22న బోయ్రా దగ్గర 22వ స్క్వాడ్రన్ నాట్‌లు సేబర్‌లతో తలపడ్డాయి. పారాచూట్‌లతో దిగిన ఇద్దరు పాకిస్తాన్ పైలట్లు మనవాళ్ళకి చిక్కారు. అదే ఏడాది డిసెంబరు 14న శ్రీనగర్ మీద నిర్మల్‌జిత్ సింగ్ సెఖాన్ ఒంటరిగా పోరాడి అసువులు బాశాడు. వాయుసేనలో పరమవీరచక్ర పొందినవాడు ఆయన ఒక్కడే. "సేబర్ స్లేయర్" అనే పేరు నాట్‌కి అలా వచ్చిందే. తర్వాత దాన్ని హెచ్.ఎ.ఎల్.లోనే దిద్ది తీర్చి 'అజీత్' చేశారు. అది 1991 దాకా సర్వీసులో ఉంది.

ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకాల్లో తక్కువగా ఉండే సంగతి ఒకటుంది. నాట్ నేలమీద అంత సులువైన విమానం కాదు. దాని హైడ్రాలిక్ వ్యవస్థా, తోకని నడిపించే యంత్రాంగమూ చాలాకాలం తిప్పలు పెట్టాయి. ఫిరంగులు మధ్యలో ఆగిపోవడం మరో బాధ. అజీత్‌లో చేసిన మార్పుల్లో ముఖ్యమైనవి ఈ హైడ్రాలిక్స్‌కీ తోకకీ సంబంధించినవే. పైగా ఒళ్ళంతా ఇరుకు. పైలట్‌కి ఆకాశంలో వరమైన చిన్నతనం ఫిట్టరుకి నేలమీద పరీక్ష అయి కూర్చుంది. "లోపలికి చెయ్యి పట్టేది కాదు నాయనా. సన్న చేతులవాణ్ణి పిలవండిరా అనేవాళ్ళు. అలా నన్ను పిలిచేవాళ్ళు" అని తాతయ్య నవ్వుతూ చెబుతారు.

పాళ్ళు: పొడవు, వైశాల్యం, బరువు

నేను ఎంచుకున్న పాలు 1/24. అంటే అసలు విమానంలో ఒక అడుగు నమూనాలో అర అంగుళం. ఇంత సుఖమైన లెక్క మరొకటి లేదు. నాట్ రెక్కల కొస నుంచి కొసకి 22 అడుగుల 1 అంగుళం, అంటే 6.73 మీటర్లు. నమూనాలో 11 అంగుళాల పైన ఓ పిసరు. పొడవు సుమారు 9 మీటర్లు. నమూనాలో పద్నాలుగున్నర అంగుళాలకి అటూయిటూ. పుస్తకాల బీరువాలో ఒక అరలో హాయిగా పడుతుంది.

ఇక్కడ మొదటి సంవత్సరం మిత్రులు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. పొడవు 24 వంతుల్లో ఒక వంతు అయితే వైశాల్యం 24 వంతుల్లో ఒకటి కాదు. 24 గుణించు 24, అంటే 576 వంతుల్లో ఒకటి. నాట్ రెక్క వైశాల్యం 136.6 చదరపు అడుగులు. నమూనాలో అది 34 చదరపు అంగుళాలు, రెండు పోస్టుకార్డులు పక్కపక్కన పెడితే వచ్చేదానికన్నా కాస్త తక్కువ. ఇక ఘనపరిమాణం 13,824 వంతుల్లో ఒకటి. అసలు నాట్ ఇంధనం, తూటాలతో సహా 4,100 కిలోలు తూగేది. అదే సాంద్రతతో నమూనా కడితే సుమారు 297 గ్రాములుండాలి. నా నమూనా పూర్తయ్యాక కిరాణా కొట్టు కాటా మీద 220 గ్రాములు తూగింది. కొండంత యంత్రానికీ, అరచేతిలో ఇమిడే కర్రముక్కకీ సాంద్రత అంత దగ్గరగా ఉండటం చూసి మా లెక్చరర్ గారు కూడా ఆశ్చర్యపోయారు. జెట్ విమానమంటే లోపల చాలావరకు గాలీ, కిరసనాయిలు జాతి ఇంధనమూ అని గుర్తుపెట్టుకుంటే ఆశ్చర్యం కొంత తగ్గుతుంది.

మరో చిన్న ప్రయోగం చెబుతాను, ఎవరైనా చేసి చూడవచ్చు. రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న నాట్ కంటికి ఎంత కనబడుతుంది? రెండు వేల మీటర్లని 24తో భాగిస్తే 83 మీటర్లు వస్తుంది. అంటే నమూనాని కాలేజీ గ్రౌండులో ఒక కుర్చీమీద పెట్టి, 83 మీటర్లు నడిచివెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే, రెండు కిలోమీటర్ల దూరాన ఉన్న అసలు నాట్ ఎంత కనబడేదో అంతే కనబడుతుంది. మేం నలుగురం ఒక సాయంత్రం చేశాం. పక్కనే సేబర్ కొలతకి, అంటే 37 అడుగుల రెక్కకి పద్దెనిమిదిన్నర అంగుళాల అట్టముక్క కత్తిరించి నిలబెట్టాం. అట్ట స్పష్టంగా కనబడింది. నాట్‌ని ముక్కువైపు నుంచి చూస్తే ఉందా లేదా అని వెతుక్కోవలసి వచ్చింది. పెటర్ పట్టుదలలోని సారం ఆ సాయంత్రం మాకు బోధపడింది.

ఆధారాలు మూడు

కర్ర మీద ఉలి పెట్టే ముందు ఆధారాలు సేకరించుకోవాలి. నాకు మూడు రకాలు దొరికాయి. మూడింటినీ ఒకదానితో ఒకటి సరిచూసుకోకుండా ఏ ఒక్కదాన్నీ నమ్మకూడదు.

మొదటిది కాగితం: ముందు నుంచి, పక్క నుంచి, పైనుంచి గీసిన మూడు దృశ్యాల డ్రాయింగు. ఇది పొడవు, వెడల్పు, కోణాలు చెబుతుంది. నాట్ రెక్కలు సుమారు 40 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటాయని, ఒంటికి పైభాగాన భుజాల్లా అతికి, కొసలకి పోయేకొద్దీ కిందికి దిగుతాయని ఇందులోనే తెలుస్తుంది.

రెండోది మిగిలివున్న విమానం. ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియంలో నాట్‌ని కళ్ళారా చూడవచ్చు. గాలి లోపలికి పీల్చే దారుల వెలుపలి గోడల్లో రెండువైపులా 30 మిల్లీమీటర్ల ఫిరంగులు ఎలా ఒదిగాయో, చక్రాల కాళ్ళు రెక్కల్లోకి కాక ఒంట్లోకే ఎలా ముడుచుకుంటాయో అక్కడ చూస్తేనే అర్థమవుతుంది. ఆ కాళ్ళ సంగతి చెప్పుకోదగినది. వేగం తగ్గించడానికి వేరే బ్రేకు పలకలు పెట్టకుండా, కాళ్ళనే వాటి తలుపులతో సహా కొద్దిగా దించి గాలికి అడ్డం పెట్టేవారు. ఒకే భాగంతో రెండు పనులు. అయితే మ్యూజియంలో జాగ్రత్తపడవలసింది రంగు దగ్గర. మ్యూజియం విమానాలకి తర్వాత్తర్వాత రంగులు వేస్తూనే ఉంటారు. ఆకారానికి అది సాక్ష్యమే గాని, ఫలానా ఏడాది రంగుకి సాక్ష్యం కాదు. 1965 యుద్ధం మొదలయ్యేనాటికి మన నాట్‌లు తళతళలాడే లోహపు రంగులోనే ఉన్నాయి. ఆకుపచ్చ మరుగురంగులు యుద్ధం నేర్పిన తొందరలో వచ్చినవి.

మూడోది జ్ఞాపకం. తాతయ్యకి తేదీలు అంతగా గుర్తులేవు. ఏ ఊరి తర్వాత ఏ ఊరికి బదిలీ అయిందో చెప్పమంటే అమ్మమ్మని అడుగుతారు. కాని చేతికి గుర్తున్నది మాత్రం చెక్కుచెదరలేదు. ఏ మూత తియ్యాలంటే ఏ చెయ్యి ఎంతదూరం వెళ్ళాలో గాల్లో చూపిస్తారు. "రెక్క కొస నా ఛాతీ దగ్గరకి వచ్చేది. అటునుంచి ఇటు రావాలంటే వంగాల్సిందే. కొత్తల్లో రోజూ తలకి తగిలించుకునేవాణ్ణి" అన్నారు. దీన్ని కొలతగా మార్చడం ఎలా? తాతయ్య ఎత్తు అప్పట్లో 5 అడుగుల 6 అంగుళాలు. 1/24లో రెండుంపావు కాదు, రెండున్నర కాదు, సరిగ్గా రెండుంముప్పావు అంగుళాలు. ఆ ఎత్తున ఒక అట్టబొమ్మ మనిషిని కత్తిరించి రెక్క పక్కన నిలబెట్టాను. కొస ఛాతీ దగ్గరకి వస్తే చక్రాల కాళ్ళ పొడవు సరిపోయినట్టు. గడ్డం దాకా వస్తే కాళ్ళు ఎక్కువైనట్టు. అట్టమనిషి పని పూర్తయ్యేదాకా నా బల్లమీదే ఉన్నాడు. స్కేలు బద్దకన్నా అతనే ఎక్కువ ఉపయోగపడ్డాడు.

కర్ర, మక్కు, రంగు

పరదేశాల్లో ఈ పనికి బాల్సా కర్రో, ప్లాస్టిక్కో వాడతారు. మనకి కొండపల్లి ఉండగా బాల్సా ఎందుకు? కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి చాలా తేలికైన, మెత్తనైన కర్ర. ఉలికి వెన్నలా లొంగుతుంది. పచ్చి లేకుండా బాగా ఆరినది చూసి తెచ్చుకోవాలి. విమానం పొడవునా కర్ర పోగు వెళ్ళేలా దిమ్మని ఎంచుకోవాలి. అడ్డంగా ఉంటే తోక దగ్గర పుటుక్కున విరుగుతుంది.

దిమ్మకి నాలుగు పక్కలా చిత్రిక పట్టి, ముందు పక్క దృశ్యం అంటించి కోసుకోవాలి. తర్వాత పై దృశ్యం అంటించి కోయాలి. ఇప్పుడు చేతిలో ఉన్నది పలకలు పలకలుగా ఉండే విమానం. ఒంటి పొడవునా ఏడెనిమిది చోట్ల అడ్డుకోత ఆకారాలని అట్టలో కత్తిరించుకుని, ఆ అట్ట ఆనేదాకా కొద్దికొద్దిగా చెక్కాలి. ఎక్కువ చెక్కితే మళ్ళీ రాదు కాబట్టి చివరి భాగమంతా ఆకురాయితోను, గరుకు కాగితంతోను లాగించాలి. రెక్కలు వేరే పలకలో చేసి, ఒంట్లో గాడి తీసి ఫెవికాల్‌తో దించాలి.

రెక్క ఒంటిని కలిసేచోట ఒక నున్నటి వంపు ఉంటుంది. అక్కడ కొండపల్లి వాళ్ళ మక్కునే వాడాను. చింతగింజల పొడిని ఉడికించిన బంకలో రంపపు పొట్టు కలిపితే మక్కు తయారవుతుంది. ఆరాక కర్రలో కలిసిపోతుంది, పగలదు. బొమ్మల ఏనుగులకి తొండం అతికించే పదార్థంతోనే జెట్ విమానానికి రెక్క అతికింది. చక్రాలు ఏటికొప్పాక వాళ్ళు లక్కపిడతలు చేసే అంకుడు కర్రలో తరిణె పట్టించాను. పైలట్ గది మీది అద్దపు కప్పుకి మంచినీళ్ళ ప్లాస్టిక్ సీసా చాలు. అదే ఆకారంలో చెక్కిన కర్ర అచ్చుని సీసాలో దూర్చి వేడి తగిలిస్తే ప్లాస్టిక్ ముడుచుకుని అచ్చుకి అతుక్కుపోతుంది. చల్లారాక కత్తిరించుకోవడమే.

రంగు దగ్గర రెండు మాటలు. ఒకటి, అసలు విమానం మీద రేకుకీ రేకుకీ మధ్య సందు ఒక మిల్లీమీటరు ఉంటే, నమూనాలో అది 0.04 మిల్లీమీటరు. తలవెంట్రుక అంతకన్నా లావు. కాబట్టి లోతుగా గాట్లు పెట్టి "ఇవిగో రేకుల అతుకులు" అని చూపించడం కంటికి బాగున్నా లెక్కకి నిలవదు. నేను గట్టి పెన్సిలుతో సన్నగా గీసి వదిలేశాను. రివెట్లు అసలు పెట్టలేదు. రెండు, అసలు విమానానికి వేసిన రంగునే నమూనాకి వేస్తే ముదురుగా కనబడుతుంది. అసలుదాన్ని మనం దూరం నుంచి, మధ్యలో గాలీ వెలుతురూ ఉండగా చూస్తాం. అంచేత నమూనా రంగులో కాస్త తెలుపు కలిపి లేతచెయ్యాలి. ముందు సుద్ద పూత, దానిమీద నునుపు, ఆ తర్వాత అల్యూమినియం రంగు పల్చగా మూడు పూతలు. కాషాయం బయట, తెలుపు మధ్యలో, ఆకుపచ్చ లోపల ఉండే వాయుసేన చక్రాలని అట్టలో రంధ్రం చేసి చేత్తోనే వేశాను.

ఏ విమానం?

ఇంతవరకు చెప్పింది పని. ఇప్పుడు చెప్పేది ఆ పని ఎవరి కోసం అన్నది. స్కేల్ మోడల్ కట్టేవాడు "ఒక నాట్" కట్టడు. ఫలానా నెంబరు గల నాట్, ఫలానా కాలంలో ఎలా ఉండేదో అలా కడతాడు. మరి ఏ నెంబరు?

ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా మామయ్య సెఖాన్ గారి విమానం చెయ్యమన్నాడు. "పరమవీరచక్ర విమానంరా. చూసినవాళ్ళందరికీ తెలుస్తుంది. కింద నాన్నగారి పేరు కూడా రాయిద్దాం" అన్నాడు. అమ్మ కూడా అదే బాగుందంది. తాతయ్య అంతా విన్నారు. విని, "ఆయన మహానుభావుడు. ఆయన విమానం మీద నేను చెయ్యి వెయ్యలేదు. నేను చెయ్యని పనికి నాకు దండ వెయ్యకండి" అన్నారు. ఆ మాటతో మామయ్య ఊరుకున్నాడు.

"మరి ఏది చెయ్యమంటారు తాతయ్యా?" అని నేను రెండు మూడుసార్లు అడిగాను. జవాబు చెప్పలేదు. కొన్ని వారాల తర్వాత ఒక రోజు ట్రంకు పెట్టెలోంచి పాత జేబు పుస్తకం తీసి ఇచ్చారు. అందులో ఆయన చేతిమీదుగా వెళ్ళిన విమానాల తోక నెంబర్లు వరసగా ఉన్నాయి. ఒక నెంబరు కింద గీత ఉంది.

ఇక్కడ వాయుసేన పద్ధతి ఒకటి చెప్పాలి. విమానం ఎగిరే ముందు ఎఫ్-700 అనే పుస్తకంలో ఇంజనుకి ఇంజను ఫిట్టరు, ఒంటికి ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరు, విద్యుత్తుకి, ఆయుధాలకి ఎవరికి వారు "నేను చూశాను, సరిగా ఉంది" అని సంతకం పెడతారు. అవన్నీ చూసుకుని ఆఖరున పైలట్ సంతకం చేసి విమానం తీసుకుంటాడు. పైలట్‌కి తాను ఎక్కే యంత్రాన్ని విప్పి చూసే వ్యవధి లేదు. ఆ సంతకాలని నమ్మి ఎక్కుతాడు.

గీత ఉన్న నెంబరు 1965 యుద్ధానికి ముందుది. యుద్ధం లేదు, శత్రువు లేడు, మామూలు శిక్షణ ఎగురుడు. ఒంటికి సంతకం తాతయ్యది. విమానం లేచిన కాసేపటికే పక్షి తగిలింది. ఎత్తు తక్కువ కావడంతో పైలట్ బయటపడే వ్యవధి లేకపోయింది. విచారణ జరిగింది, పక్షి వల్లనే అని తేలింది. విమానం ఒంట్లో లోపం ఏమీ లేదన్నారు.

"కాగితం మీద నా తప్పేం లేదురా. కాని ఆ అబ్బాయి ఎక్కేముందు చూసిన సంతకాల్లో నాదీ ఉంది గదా" అన్నారు తాతయ్య. ఆ తర్వాత పన్నెండేళ్ళు దాకా సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఒకసారి చూసిన చోటు రెండోసారి చూసి గాని సంతకం పెట్టలేదట. ఈ సంగతి అమ్మమ్మకి తెలుసు. అమ్మకీ మామయ్యకీ తెలియదు. అరవై ఏళ్ళుగా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

"దాన్ని చెయ్యి. నేలమీద నిలబెట్టు" అన్నారు.

నేలమీద నిలబెట్టడం

చాలా నమూనాలు గాల్లో ఎగురుతున్నట్టు ఒక కడ్డీ మీద పెడతారు. మాది నేలమీద నిలబడింది. చక్రాలకి ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెట్టాను. పైలట్ గది కప్పు తెరిచి ఉంది. పక్కన పనిముట్ల పెట్టె. అసలుది అడుగున్నర పొడవు, నమూనాలో ముప్పావు అంగుళం. పక్కన ఫిట్టరు బొమ్మ కూడా పెడదామని అట్టమనిషిని చూపిస్తే, "నేనొద్దు, పెట్టె ఉంది చాలు" అన్నారు.

ఆయన అడిగి పెట్టించినవి రెండున్నాయి. మొదటిది ఎర్ర పీలికలు. విమానం నేలమీద ఉన్నంతసేపూ కాళ్ళు ముడుచుకుపోకుండా, పైలట్ సీటు పొరపాటున పేలకుండా మేకులు దూర్చి, మర్చిపోకుండా వాటికి ఎర్రటి పీలికలు కట్టి ఉంచుతారు. ఎగిరే ముందు అవి తీసి, లెక్కపెట్టి, పైలట్‌కి చూపిస్తారు. ఆ పీలికలు ఉన్నంతసేపు విమానం భద్రం. అమ్మమ్మ కుట్టుపెట్టెలోని ఎర్ర రిబ్బను సన్నగా చీల్చి కట్టాను. తాతయ్య భూతద్దం పట్టుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టారు.

రెండోది చక్రం మీద గీత. టైరు మీద నుంచి లోపలి చక్రం మీదకి అడ్డంగా ఒక రంగు గీత గీస్తారు. బ్రేకు వేసినప్పుడు టైరు జారితే, గీత రెండు ముక్కలై పక్కకి తప్పుకుంటుంది. టైరు మార్చాలని తెలుస్తుంది. అంగుళం వెడల్పు గీత నమూనాలో మిల్లీమీటరు. "పైలట్లు దీన్ని అంతగా పట్టించుకోరు. మా కళ్ళు ముందు ఇక్కడికే పోతాయి" అన్నారు. ఫోటోల్లో వందసార్లు చూసి కూడా ఆ గీత ఏమిటో నాకు తోచలేదు. ఆ రోజు నుంచి ఏ విమానం ఫోటో చూసినా ముందు టైరు చూస్తున్నాను.

అంతా అయ్యాక నమూనాతోపాటు ఒక కాగితం కూడా సిద్ధం చేశాను. ఎఫ్-700 పద్ధతిలో, ఏ కొలతకి ఏ ఆధారమో వరసగా రాసి, చివర సంతకానికి ఖాళీ వదిలాను. తాతయ్య చదివారు. చదివి, మడిచి నా చేతికే ఇచ్చారు. "ఎగరని విమానానికి సంతకం అక్కర్లేదు నాయనా" అన్నారు. కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఖాళీతో సహా.

మిత్రులకు మనవి

ఈ పని చెయ్యదలచుకున్న మిత్రులకి నాలుగు మాటలు. విమానమే కానక్కరలేదు. మీ పెద్దవాళ్ళు నడిపిన సైనిక లారీ కావచ్చు, విశాఖపట్నంలో పనిచేసిన ఓడ కావచ్చు, నిలబెట్టిన వంతెన కావచ్చు. మొదట లెక్క తేలికగా ఉండే పాలు ఎంచుకోండి. కాగితాన్నీ, మిగిలివున్న వస్తువునీ, జ్ఞాపకాన్నీ పక్కపక్కన పెట్టి సరిచూడండి. పేరున్నవాళ్ళ యంత్రం కాక మీ వాళ్ళ యంత్రమే కట్టండి. ఏది కట్టాలో వాళ్ళనే అడగండి. వెంటనే చెప్పకపోతే ఆగండి. అన్నిటికన్నా ముందు, వాళ్ళు మన మధ్య ఉండగానే మొదలుపెట్టండి. 1965 నాటికి ఇరవయ్యో పడిలో ఉన్నవాళ్ళకి ఇప్పుడు ఎనభై దాటాయి.

నాట్ మూడు దృశ్యాల డ్రాయింగు, ఒంటి అడ్డుకోతల అట్టలు, అద్దపు కప్పు అచ్చు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. కావలసిన వారు మెకానికల్ వర్క్‌షాపుకి వచ్చి అడిగితే సంతోషంగా ఇస్తాను. పొణికి దిమ్మలు కూడా రెండు మిగిలాయి.